శంకరాభరణానికి ఏ టికెట్ మేలు?

పాత సంగీత సినిమా మళ్ళీ హాల్లోకి వచ్చినప్పుడల్లా స్నేహితులు నన్ను అడిగేది ఒకటే. వారం మధ్యలో తగ్గింపు ధరకి మామూలు హాల్లో మార్నింగ్ షో చూడాలా, ఆదివారం సాయంత్రం అట్మాస్ స్క్రీన్‌కి, అంటే నెత్తిమీద కూడా స్పీకర్లుండే హాలుకి, వెళ్ళాలా? మొన్న అమ్మని శంకరాభరణానికి తీసుకెళ్తూ నేనూ ఇదే ఆలోచించాను.

డబ్బు లెక్క తేలికే. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. వంద దాటితే 18 శాతం. అంటే తగ్గింపు టికెట్‌కి పన్నులోనూ కలిసొస్తుంది.

నా దృష్టిలో అసలు సంగతి శబ్దం. 1980 నాటి మన సినిమాల్లో చాలావాటికి శబ్దం మోనోలోనే, అంటే అంతా కలిపి ఒకే ట్రాక్‌గా, ఉండేది. బాలు గొంతైనా, వాణీ జయరాం గొంతైనా తెర వెనక మధ్య స్పీకర్ నుంచే రావాలి. నెత్తిమీద ఎన్ని స్పీకర్లున్నా వాటికి పెద్దగా పని ఉండదు. కొత్తగా 5.1లోకి, అంటే ముందు, పక్క స్పీకర్లకి శబ్దాన్ని పంచే పద్ధతిలోకి, మార్చిన ప్రింటైతే పక్క స్పీకర్లు కాస్త పలుకుతాయి గానీ, పాట మాత్రం ఎదురుగానే వినిపిస్తుంది. లేని శబ్దానికి రెండింతలు ఎందుకు కట్టాలి? ఆ శ్రద్ధేదో సీటు మీద పెట్టండి. ముందు వరుసలు వద్దు. హాలు పొడవులో మూడింట రెండు వంతులు వెనక్కి వెళ్ళి, సరిగ్గా మధ్యలో కూర్చోండి.

సెలవురోజు జనం సందడి నాకూ ఇష్టమే. రీరిలీజుల్లో ఈలలు, కేకలు ఉంటేనే కొన్ని సినిమాలకి అందం. ఈ సినిమాకి మాత్రం నిశ్శబ్దం కావాలి. సామజవరగమన పాటలో కూతురు స్వరం తప్పగానే సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి "శారదా!" అని గద్దిస్తాడు. మా షోలో పట్టుమని నలభై మంది లేరు. ఆ కేక తర్వాత హాలంతా ఊపిరి బిగబట్టింది. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంట్లో టీవీలోనా? ఇల్లు కదలలేని పెద్దవాళ్ళకి అదే దారి. కుక్కర్ కూతల మధ్య తంబుర శ్రుతి మాత్రం నిలవదు.

మేం మార్నింగ్ షోకే వెళ్ళాం. చివర్లో బిలహరి రాగంలో "దొరకునా ఇటువంటి సేవ" మొదలవగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని, దాని మీదే తాళం వేసింది. పాట అయ్యేదాకా వదల్లేదు.