పాలీహౌస్‌లోనే శిక్షణ కేంద్రం: నాలుగేళ్లు వాడాక

2,000 చదరపు మీటర్ల పాలీహౌస్. ఫ్యాన్లు లేవు, గాలి దానంతటదే ఆడే రకం. కాప్సికం, కీర మార్చి మార్చి వేస్తూ అందులోనే రైతులకు శిక్షణ. నిర్మాణానికి వంక పెట్టలేం, తప్పంతా ప్లానులోనే ఉంది. అమ్మకం పంటకీ, నేర్చుకునేవాళ్లకీ ఒకే దారి పెట్టాం.

ఆ దారిలో పురుగు లోపలికి రాకుండా రెండు తలుపుల గది ఉంటుంది, ఒకటి మూశాకే రెండోది తీయాలి. దాని పొడవు 2 మీటర్లే. పన్నెండు మంది బ్యాచ్ వస్తే సగం మంది లోపలి తలుపు తీసేసరికి మిగతావాళ్లు ఇంకా బయటి తలుపు పట్టుకునే ఉంటారు. రెండూ ఒకేసారి తెరుచుకుంటే ఆ గది ఉండీ లేనట్టే. బట్టల మీద తామర పురుగులు, చెప్పుల మట్టిలో నులిపురుగులు, చేతుల మీద వైరస్ దర్జాగా లోపలికి వస్తాయి. గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉంటే బ్యాచ్ మొత్తం పడుతుంది. కాళ్లు ముంచే తొట్టి కూడా అంతే: అరమీటరుంటే దాటేస్తారు. మీటరున్నర పొడవు, గుమ్మమంత వెడల్పు ఉండాలి. దానికి ముందు బ్రష్ పెట్టండి. మట్టి కలిస్తే బ్లీచింగ్ మందు పదును పోతుంది.

పక్కల 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు) వల తెల్లదోమను చాలావరకు ఆపుతుంది, తామర పురుగు మాత్రం దూరిపోతుంది. 50 మెష్ కొంత నయం, కానీ గాలి తగ్గుతుంది. అది వేస్తే పక్క కిటికీల వైశాల్యం పెంచాల్సిందే.

పైన కప్పిన 200 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు ముందుగా చిరిగింది పైపుకి ఆనుకున్న చోటే. ఎండకి కాలిన పైపు దాన్ని తినేస్తుంది. ఆనే వైపు తెల్లరంగు పూస్తే కొంత ఆగింది. గంధకం పిచికారీ ఎక్కువైనా షీటు ఆయుష్షు తగ్గుతుంది.

బెడ్ల మధ్య 60 సెం.మీ. దారి కూలీకి చాలు, గుంపుకి చాలదు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వంగితే కొమ్మలు విరుగుతాయి. నడిమి దారి 1.2 మీటర్లు పెట్టాలి. కొంత సాగు విస్తీర్ణం పోతుంది, పోనివ్వండి. పాఠం మాత్రం బయటి షెడ్డులోనే. మధ్యాహ్నం లోపల ఇరవై నిమిషాలు మించి ఎవరూ వినరు, చెప్పేవాళ్లకీ ఓపికుండదు.

బాగా పనికొచ్చిన పాఠం ఒకటుంది. గాజు గ్లాసులో చిక్కటి కాల్షియం నైట్రేట్ ద్రావణం పోసి, మెగ్నీషియం సల్ఫేట్ ద్రావణం కలపండి. కళ్లముందే తెల్లగా విరిగి, అడుగున జిప్సం పేరుకుంటుంది. డ్రిప్‌కి ఎరువు ద్రావణాలు ఉంచే ఏ, బీ ట్యాంకులు విడివిడిగా ఎందుకో, కలిపితే డ్రిప్పర్లు ఎందుకు మూసుకుపోతాయో ఇక వేరే చెప్పక్కర్లేదు. అయితే అసలు ట్యాంకుల దగ్గర వాల్వులు తిప్పనివ్వకండి. నేర్పడానికి 200 లీటర్ల డ్రమ్ము, సొంత ఫిల్టరు, నాలుగు లేటరళ్లు (మొక్కల వెంట పరిచే డ్రిప్ పైపులు) వేరుగా ఉంచండి.

మళ్లీ కడితే ఐదో వంతు, అంటే 400 చదరపు మీటర్లు, శిక్షణకి అడ్డుగోడతో విడదీసి, తలుపూ డ్రిప్పూ వేరుగా పెట్టాలి. గాలి పెద్ద బ్లాకు మీదుగా దీనివైపు వీచేలా చూసుకోవాలి. కాప్సికంలో రెండు కొమ్మలు ఉంచి మిగతావి తీయడం లాంటివి అక్కడే చేయించాలి. తప్పు కోసినా, పురుగొచ్చి పీకేసినా అమ్మకం పంటకి ఇబ్బంది ఉండదు. బ్యాచ్ తేదీలు మాత్రం పిచికారీ పట్టిక చూశాకే వేయాలి. మందు కొట్టిన రోజు, లేబుల్ మీద రాసిన గడువు తీరేదాకా ఈ తలుపూ తాళమే.