వానలో పరుగుకు రెయిన్ జాకెట్: నీళ్లు ఆపింది, లోపలి పూతే నిలవలేదు

నాలుగైదు వేల రూపాయల్లో దొరికే, లోపల పాలీయురెథేన్ (నీళ్లను ఆపే ఒక రకం ప్లాస్టిక్) పూత వేసిన రెండున్నర పొరల జాకెట్ ఇది. పైగుడ్డ ఒకటి, పూత రెండు, ఆ పూత మీద పల్చగా అద్దిన రక్షణ పొర అర. కొన్ని వానాకాలాలుగా హైదరాబాద్‌లో ఉదయం పరుగుకు వాడుతున్నాను. బరువు, సైజు, జేబులు షాపులో చూస్తేనే తెలిసిపోతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా కోపమంతా లోపలి పూత మీదే. పైగుడ్డ ఇంకా కొత్తదానిలా ఉంది, జిప్పు చక్కగా నడుస్తోంది, చినుగు లేదు. పూత మాత్రం పొట్టులా రాలిపోయింది.

ఇది ఒక్కరోజులో జరగదు. ముందు వాసన మొదలవుతుంది, ఎంత ఉతికినా పోని పులిసిన వాసన. తర్వాత లోపలివైపు వేలితో రాస్తే జిగటగా తగులుతుంది. మడిచి పెట్టి నాలుగు రోజులాగి విప్పితే మడతలు ఒకదానికొకటి అంటుకుని చిటచిటమంటూ విడిపోతాయి. ఆ దశకు వచ్చాక ఇక ఎక్కువ కాలం ఉండదు. మెడ వెనక, భుజాల మీద, నీళ్ల బ్యాగు పట్టీలు ఒరుసుకునే చోట తెల్లటి పెచ్చులు లేస్తాయి. జాకెట్ విప్పగానే తడి చేతులకు, మెడకు ఆ పొట్టే అంటుకుని ఉంటుంది. కుట్ల మీద అతికించిన టేపు కూడా చివర్ల నుంచి లేచి వస్తుంది.

కారణం హైడ్రాలిసిస్. తేమ, వేడి కలిస్తే నీరు పాలీయురెథేన్ అణువుల గొలుసులను కొంచెం కొంచెంగా తెంపుతుంది. చెమట, ఒంటి నూనె దానికి తోడవుతాయి. పాలీయురెథేన్‌లోనూ పాలియెస్టర్ ఆధారంగా చేసింది త్వరగా పోతుంది, పాలీఈథర్ ఆధారంగా చేసింది నీటికి ఎక్కువ కాలం తట్టుకుంటుంది. మనం కొనే జాకెట్‌లో ఏది వాడారో లేబుల్ మీద ఉండదు. 10,000 మిల్లీమీటర్ల నీటి స్తంభాన్ని, అంటే గుడ్డ మీద అంత ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడిని ఆపుతుందని పెద్ద అక్షరాల్లో వేస్తారు కానీ, తేమ వాతావరణంలో పూత ఎన్నాళ్లుంటుందో ఒక్క ముక్క రాయరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలే తడిగా ఉండే చోట అమ్మే వస్తువుకు ముందు చెప్పాల్సింది అదే కదా.

పూతను అన్నిటికంటే త్వరగా చంపేది స్కూటర్ డిక్కీ. తడి జాకెట్‌ను దాని సంచిలోనే కుక్కి డిక్కీలో పడేస్తే మధ్యాహ్నం ఎండకు లోపల ఆవిరి పట్టినట్టే ఉంటుంది. అందుకని ఇంటికి రాగానే మంచినీళ్లలో ముంచి చెమట పోగొట్టాలి. నాలుగైదు వాడకాలకోసారి కొంచెం లిక్విడ్ సబ్బుతో ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ ముట్టించకూడదు. తిరగేసి, నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టాలి. వానాకాలం అయిపోయాక మడవకుండా హ్యాంగర్‌కు తగిలించాలి. ఇవన్నీ చేస్తే పూత ఆయుష్షు పెరుగుతుంది, అంతే. వాడకుండా బీరువాలో దాచినా చివరికి ఊడేదే.

జాకెట్ తడుస్తోందనగానే చాలామంది వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొంటారు. కొనే ముందు ఒక పరీక్ష చేయండి. టిష్యూ కాగితం మీద జాకెట్ పరిచి గ్లాసుడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. నీళ్లు ముత్యాల్లా జారిపోతే పైగుడ్డ బాగున్నట్టు. పైగుడ్డ నీళ్లు పీల్చి రంగు ముదిరి, కాగితం పొడిగా ఉంటే పైన ఉండే నీటిని జార్చే రసాయనం అరిగినట్టు. అప్పుడు, లేబుల్ అనుమతిస్తే, శుభ్రంగా ఉతికి ఆరిన గుడ్డ మీద పల్చటి నూలుబట్ట వేసి, ఆవిరి లేకుండా, తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. రాకపోతేనే స్ప్రే. కాగితమే తడిస్తే పోయింది లోపలి పూత. దానికి ఏ స్ప్రే పనిచేయదు. లేచిన టేపు ఒక్కటే అయితే కుట్లకు పూసే సీలెంట్‌తో అతుక్కుంటుంది.

మొదటి వానాకాలంలో అడిగినవాళ్లందరికీ ఈ జాకెట్ బాగుందనే చెప్పాను. అప్పటి మాట నిజమే, జోరు వానలోనూ బయటి నీరు లోపలికి రాలేదు. కానీ టీషర్టు మాత్రం తడిసేది, చెమటతో. చెమట ఆవిరి బయటికి పోవాలంటే లోపలి ఆవిరి పీడనం బయటికంటే బాగా ఎక్కువ ఉండాలి. జాకెట్ లోపల 33 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తేమతో నిండితే ఆ పీడనం సుమారు 5 కిలోపాస్కల్స్. బయట 10 డిగ్రీల చలి వానలో అది 1.1 చుట్టుపక్కల ఉంటుంది. మన 25 డిగ్రీల వానలో దాదాపు 2.9. అంటే ఆవిరిని బయటికి నెట్టే బలం మన దగ్గర చలి వానలో ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. పైగుడ్డ నానితే అదీ తగ్గుతుంది. గంటకు లీటరు చెమట కార్చే పరుగులో ఏ పూతా దీన్ని గట్టెక్కించలేదు. చంకల కింద జిప్పులున్న జాకెట్ అయితే కొంత నయం. అవి లేకపోతే ముందు జిప్పు ఛాతీ దాకా దించి, చేతుల దగ్గర వెల్క్రో వదులు చేసి పరుగెత్తాల్సిందే.

ఇందులో నాకు బాగా నచ్చింది హుడ్‌కు ముందున్న గట్టి అంచు. చినుకు కళ్లలో పడకపోతే కాలు ఎక్కడ పెడుతున్నామో కనిపిస్తుంది, మన రోడ్ల మీద అదే ప్రాణం. అయితే ముందు అంచున్న మామూలు టోపీ కూడా ఇదే పని చేస్తుంది. పైగా హుడ్ చెవులు మూసేస్తుంది, వెనక వచ్చే బండి హారన్ సరిగా వినబడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే ఏ జాకెట్ ఉన్నా లోపలికి వెళ్లిపోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు కాబట్టి అక్కడ వెనక్కి తిరగడమే.

ఇప్పుడు వెచ్చటి వానలో పూత లేని పల్చటి విండ్‌చీటర్‌తోనే పరుగెత్తుతున్నాను. పావుగంటలో తడుస్తుంది, త్వరగా ఆరుతుంది, రాలడానికి లోపల ఏమీ లేదు. తడి గుడ్డ ఒరుసుకునే చోట ముందే వాజలీన్ రాసుకోవాలి. జాకెట్ అవసరం పరుగు ఆపాకే. ఒళ్లు చల్లబడి గాలికి వణుకు పుట్టేటప్పుడు, ఇంటిదాకా బండి మీద వెళ్లేటప్పుడు పూత బాగున్న జాకెట్ చాలా మేలు చేస్తుంది.

ఇదంతా గంటలోపు పరుగెత్తి, ఇల్లు దగ్గర్లోనే ఉన్న మనిషి లెక్క. సియాటెల్ లాంటి చోట ఉండే మనవాళ్లకు చలికాలపు వానలో తడవడం ప్రమాదం కాబట్టి వాళ్లకు జాకెట్ తప్పదు. అరకులో తెల్లవారుజామున గంటల తరబడి కొండలెక్కే వాళ్లకూ అంతే. అలాంటి వాళ్లు డబ్బు కాస్త ఎక్కువైనా, లోపల పల్చటి గుడ్డతో మూసిన మూడు పొరల జాకెట్ చూసుకోవచ్చు. అందులో పూతకు ఒళ్లు నేరుగా తగలదు. ఇదే రకం కొనాలనుకుంటే, పాత స్టాకు మీద డిస్కౌంట్ ఉందని తొందరపడకుండా, షాపులోనే తిరగేసి కుట్ల టేపును గోటితో గీకి, లోపలివైపు వాసన చూసి తీసుకోండి.