అటక మీద దాచిన జత

ఈ వాకింగ్ షూస్ కొనుక్కోమని అప్పట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పాను. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను మెచ్చుకున్నది మడమ కింద మెత్తదనాన్ని. అంతకుముందు వాడినవి ఆరేడు నెలలకే అట్టముక్కల్లా అయిపోయేవి. వీటితో విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మరైన్ మ్యూజియం దాటి వెళ్లి రావడం, రోజుకి 5 కిలోమీటర్లు, వారానికి ఐదు రోజులు. 14 నెలలు నడిచినా అడుగు వేస్తే అదే స్పాంజి. ఆ సంబరంలో డిస్కౌంట్ ఉందని రెండో జత కూడా కొని, పెట్టెతో సహా అటకెక్కించాను. తర్వాత అమ్మకి ఒంట్లో బాగోక నా నడక ఆగిపోయింది. నాలుగేళ్లు ఆ పెట్టె ముట్టుకోలేదు.

మొన్న మార్చిలో తీశాను. లోపల చుట్టిన కాగితం, సిలికా జెల్ పొట్లం ఎక్కడివక్కడే ఉన్నాయి. బీచ్ రోడ్డు మీద అర కిలోమీటరు వెళ్లానో లేదో, కుడికాలి కింద ఏదో ఈడుస్తున్నట్టు అనిపించింది. చూస్తే మడమ దగ్గర సోల్ నోరు తెరిచింది. ఇంకాస్త దూరానికి ఎడమదీ అంతే. గట్టు మీద కూర్చుని వేలితో నొక్కితే, టీలో నానిన బిస్కెట్‌లో దిగినట్టు దిగిపోయింది. ఒడినిండా తెల్లటి పొడి. చెప్పులు కుట్టే ఆయన సూది గుచ్చి చూసి, "జిగురు పోతే అంటించొచ్చమ్మా, ఇక్కడ సరుకే చచ్చిపోయింది. కుట్టు దేన్ని పట్టుకుంటుంది?" అన్నాడు.

తర్వాత తెలిసింది, అది పాలీయూరెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ ఫోమ్‌తో చేసిన సోల్ అని. త్వరగా అణగదు, అందుకే అన్నాళ్లు మెత్తగా ఉంది. కానీ గాలిలో చెమ్మ తగిలి లోలోపలే విరిగిపోతుంది, వాడకుండా దాచినా సరే. విశాఖలో ఉప్పు డబ్బా మూత తీసినవాళ్లకి ఇక్కడి చెమ్మ గురించి చెప్పక్కర్లేదు. అనంతపురంలో మా తోడికోడలి దగ్గర అప్పుడే కొన్న జత ఇప్పటికీ బాగుంది. షాపువాళ్లు బిల్లు చూసి గ్యారంటీ అయిపోయిందన్నారు. కాదనను. కానీ ఎన్నాళ్లలోగా వాడాలో పెట్టె మీద ఒక్క ముక్క రాయలేదే! నా కోపమంతా అక్కడే.

ఇప్పుడు ఈవీఏ అనే మరో రకం ఫోమ్ సోల్‌వి వేసుకుంటున్నాను. తేలిక, ఆ మెత్తదనం మాత్రం లేదు. మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లకి మార్చమంటారు, నా లెక్కకి సుమారు ఐదు నుంచి ఏడు నెలలు. కొన్న తేదీ షూ నాలుక లోపల మార్కర్‌తో రాసిపెట్టాను. ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ఒక్క జతే. అదీ కాళ్లు కాస్త ఉబ్బే సాయంత్రం పూట, నడకకి వేసుకునే సాక్సుతోనే వెళ్లి కొంటాను.

ఆ పాలీయూరెథేన్ సోల్‌వి కొనొచ్చా అంటే, కొన్న రోజు నుంచే అరగదీసేవాళ్లు కొనుక్కోవచ్చు. నేను 62 కిలోలు, నడకే గానీ పరుగు లేదు, పరిగెత్తేవాళ్ల సంగతి చెప్పలేను. సముద్రం పక్కన ఉంటూ నెలల తరబడి మానేసేవాళ్లకి మాత్రం వద్దనే చెప్తాను. భీమిలిలో మా అక్కకి నేనే కొనిపించాను. ఆదివారం వెళ్లి వాటి మడమలు నొక్కి చూడాలి.