సిమెంటు పెర్చ్, రెండున్నరేళ్ల తర్వాత: నాలుగో వేలి సంగతి ఎవరూ చెప్పలేదు

మా ఇంట్లో ఒక పచ్చ తువ్వాలు ఉండేది. దండెం మీంచి దాన్ని తీస్తే చాలు, మా బొట్టుగాడు పంజరంలో మూలకి నక్కి బుస కొట్టేవాడు. బొట్టుగాడంటే బూడిదరంగు కాకటీల్, చిలక జాతి చిన్న పిట్ట. చెంపల మీద నారింజ బొట్లున్నాయని ఆ పేరు. నెలన్నరకోసారి వాణ్ణి తువ్వాల్లో చుట్టి నేను పట్టుకుంటే, మా ఆవిడ కట్టర్‌తో గోళ్లు తీసేది. గట్టిగా పట్టుకోడానికి లేదు. పిట్టలకి మనలా ఉదరవితానం (డయాఫ్రం) ఉండదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. అక్కడ నొక్కితే అంతే సంగతులు. వదులుగా పట్టుకుంటే వేలు కొరికేస్తాడు. పైగా బూడిదరంగు వాటికి గోళ్లు నల్లగా ఉంటాయి. తెల్ల గోళ్లయితే లోపల రక్తనాళం గులాబీరంగులో కనిపిస్తుంది, వీడికి ఎంతవరకు కత్తిరించాలన్నది దేవుడి మీద భారం.

ఇదంతా ఒక ఎత్తు, ఆ తర్వాతి వారం ఒక ఎత్తు. చెయ్యి చాపితే మొహం తిప్పుకునేవాడు. మామూలుగా నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే భుజమెక్కేవాడు కాస్తా, వారం రోజులపాటు నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసేవాడు. నిజం చెప్పాలంటే ఆ వారం పడలేకే ఈ పెర్చ్ కొన్నాను.

పెర్చ్ అంటే పంజరంలో పిట్ట నిలబడే కర్ర. ఇది గరుకు సిమెంటుది, దానిమీద నిలబడితే గోళ్లు వాటంతటవే అరుగుతాయని కొనేది. నాది ఒక చివర సన్నంగా, రెండో చివర లావుగా ఉండే రకం. రెక్కల నట్టుతో చువ్వలకి బిగించడమే. ఆ తువ్వాలు ఇప్పుడు స్కూటర్ తుడిచే గుడ్డయింది. బొట్టుగాడు నా భుజం దిగడం లేదు. ఈ ఒక్క కారణానికి ఆ పెర్చ్ అంటే నాకు ఇప్పటికీ ప్రేమే.

కానీ కొన్న ఆర్నెల్లకే, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "ఇది కొంటే కట్టర్ అవతల పారెయ్యొచ్చు" అని చెప్పుకుంటూ తిరిగాను. అందులో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మొదటి తప్పు పూర్తిగా నాదే. కొత్తలో దాన్ని పంజరంలో అన్నిటికంటే పైన బిగించాను. పిట్టలు ఎత్తైన చోటే నిద్రపోతాయి కదా, వీడు రాత్రంతా దానిమీదే నిలబడ్డాడు. మూడు వారాలకి అరికాళ్లు ఎర్రబడ్డాయి. పైన జామకొమ్మ పెట్టి, సిమెంటుదాన్ని గింజల గిన్నె ముందుకి దింపాను. తినడానికి వచ్చినప్పుడల్లా కాసేపు నిలబడతాడు, వెళ్లిపోతాడు. అరికాళ్లు పదిరోజుల్లో మామూలయ్యాయి. లావు సంగతీ అప్పుడే తెలిసింది. సన్నటి చివర పట్టుకుంటే వేళ్లు చుట్టూ తిరిగొచ్చి గోళ్లు గాల్లో ఉంటున్నాయి, ఇక అరిగేదేముంది? లావుపాటి చివరే గిన్నె వైపు ఉండేలా తిప్పి బిగించాక పని మొదలైంది. వేళ్లు కర్రని మూడొంతుల్లో రెండొంతులు చుట్టాలి, గోటి మొన దానికి తగలాలి. షాపులో ఈ ముక్క చెప్పినవాడు లేడు.

ఇక అసలు కథ. చిలక జాతి పిట్టలకి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి. వెనక రెండింటిలో లోపలివైపు పొట్టి వేలు ఒకటుంటుంది, నేను నాలుగో వేలంటున్నది దాన్నే. మా వాడి ఆ వేలి గోరు సిమెంటుకి ఆనదు, కాస్త ఎత్తులోనే ఉండిపోతుంది. ముందు గోళ్లు చక్కగా మొద్దుబారి ఉన్నాయి కదా అని నేను వెనక్కి చూడ్డమే మానేశాను. ఏడాదిన్నర పాటు చూడలేదు. అది మెల్లగా కొడవలిలా తిరిగింది.

మాది రాజమండ్రి, దోమల సంగతి చెప్పక్కర్లేదు. రాత్రిళ్లు పంజరం మీద పాత దోమతెర ముక్క కప్పేవాళ్లం. మే నెలలో ఓ రాత్రి కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఒక్కసారిగా కీచుమంది. కాకటీళ్లకి చీకట్లో ఉలిక్కిపడే గుణం ఉంది, ఏ నీడ కదిలినా రెక్కలు టపటపా బాదుకుంటాయి. ఫోను లైటు వేసుకుని వెళ్లేసరికి బొట్టుగాడు చువ్వలకి తలకిందులుగా వేలాడుతున్నాడు. ఆ కొడవలి గోరు చువ్వల సందులోంచి బయటికొచ్చి దోమతెర కన్నంలో పడి మెలిపడింది. నేను కాలు లాగబోయాను. మా ఆవిడ "లాగకండి, తెర కొయ్యండి" అని అరిచి కత్తెర తెచ్చింది. తెర తెగింది, కానీ వాడు గింజుకున్న గింజుకోడానికి గోరు అప్పటికే సగానికి విరిగిపోయింది. రక్తం.

తొంభై గ్రాముల పిట్ట. ఒంట్లో రక్తం బరువులో పదో వంతు, అంటే తొమ్మిది మిల్లీలీటర్లకి మించదు. ఇరవై చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు పోయినట్టే. పంజరం కింద పరిచిన పేపరు మీద చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను, ఆరు, ఏడు, ఎనిమిది. అమ్మ పసుపు డబ్బాతో వచ్చింది. "పాపం నోరులేని జీవి, పంజరంలో పెట్టి ఏంట్రా ఈ ఖర్మ" అని నన్నే తిట్టింది. వంటింట్లోంచి ఈలోపు కార్న్‌ఫ్లోర్ వచ్చేసింది. మంచూరియాకని తెచ్చింది. చిటికెడు తీసి విరిగిన గోటి మొన మీద అద్ది, రెండు వేళ్లతో పట్టుకున్నాను. గడియారం చూసి ఐదు నిమిషాలు. ఆగింది. ఆ ఐదు నిమిషాలూ వాడు నా బొటనవేలు కొరుకుతూనే ఉన్నాడు, నేను కొరకనిచ్చాను.

పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఎక్కువగా గేదెల్నీ కుక్కల్నీ చూసే మనిషే అయినా, ఓపిగ్గా చూశారు. గోళ్లు మరీ త్వరగా పెరిగితే కాలేయం సంగతి కూడా చూసుకోవాలనీ, వట్టి పొద్దుతిరుగుడు గింజలే పెట్టొద్దనీ చెప్పారు. ఇంట్లో రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ ఉంచుకోమన్నారు, అది గోటికే గానీ చర్మం మీది పుండుకి వాడకూడదట. కార్న్‌ఫ్లోర్ ఆ పూటకి గండం గట్టెక్కించిందన్నారు.

అప్పటినుంచి పెర్చ్‌కి తోడు ఫ్యాన్సీ షాపులో కొన్న ఇరవై రూపాయల నెయిల్ ఫైలు చేరింది. పద్ధతి అనుకోకుండా దొరికింది. ఒకరోజు కొర్ర కంకి పంజరం బయట క్లిప్పుతో తగిలిస్తే, అది తినడానికి వాడు చువ్వలు పట్టుకుని వేలాడాడు. వేళ్లన్నీ నా వైపు, గోళ్లు బయటికి. ఫైలుతో ఆ నాలుగో గోటిని రెండుసార్లు గీశాను. తల తిప్పి చూశాడు, మళ్లీ కంకిలో మునిగిపోయాడు. మొదటి వారం ఫైలు చూపించి గింజ పెట్టడం వరకే, ఆ తర్వాత రోజుకో గోరు. తువ్వాలు లేదు, పట్టుకోడం లేదు. బుస కూడా లేదు.

మరి పెర్చ్ కొనాలా అంటే, మాది ఒకే పిట్ట, పగలంతా ఇంట్లో తిరుగుతుంది, మనుషులంటే భయం లేదు. చేతికి రాని లవ్‌బర్డ్స్ జంట ఉన్నవాళ్లకి ఫైలు పనికిరాదు, వాళ్లకి ఈ పెర్చే ఎక్కువ ఆసరా కావొచ్చు. కర్రకి తొడిగే గరుకు కాగితం తొడుగులు మాత్రం వద్దు, అవి అరికాళ్లని తినేస్తాయి. రామచిలకకి పనికొస్తుందా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రామచిలకని ఇంట్లో పెంచడమే నేరం, పెర్చ్ మాట తర్వాత.

నా పెర్చ్ గిన్నె వైపు చివర ఇప్పుడు నున్నబడిపోయింది. ఇంకోటి తేవాలి. పాతదాన్ని పారెయ్యనివ్వడం లేదు, రోజూ పొద్దున్నే దానికి ముక్కు రాసుకుంటున్నాడు.