ఊళ్లో ఉండటమా, వెరావల్ పోవడమా, వైజాగ్ వచ్చేయడమా?

మొన్న ఉద్దానం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, తోట అమ్మేసి పిల్లల్ని తీసుకుని వైజాగ్ వచ్చేస్తాను, ఏటంటావు?" అని. వాడికున్నది ఒక తెప్ప, అర ఎకరం కొబ్బరి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఆ తోటలో సగం చెట్లు పడగొట్టేసింది, తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

వరి పోతే మరుసటి ఏడు మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి పోతే అయిదారేళ్ల రాబడి పోయినట్టే, ఊళ్లో ఉండిపోవడంలో చిక్కంతా అక్కడే ఉంది. తుఫాన్లు మనకు కొత్తేం కాదు, మా తాతలూ చూశారు, కాకపోతే బంగాళాఖాతం వేడెక్కే కొద్దీ వాటికి బలం ఎక్కుతోంది, తోట కోలుకునేలోపు ఇంకోటి రాదని ఎవరు చెప్పగలరు? అయినా అక్కడ అద్దె లేదు, అవసరానికి చేబదులిచ్చే మనుషులున్నారు. అది చిన్న విషయం కాదు.

రెండోది గుజరాత్‌లోని చేపల రేవు వెరావల్. మన శ్రీకాకుళం వైపు కుర్రాళ్లు గుజరాత్ బోట్ల మీద పనికి పోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. అడ్వాన్సు చేతికొస్తుంది, తోట అమ్మక్కర్లేదు. కానీ నెలల తరబడి ఇంటి ముఖం చూడరు. పైగా 2018 చివర్లో అక్కడి నుంచి వేటకెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్‌కు చిక్కితే, 20 మంది 2020 జనవరికి గానీ వాఘా దాటి రాలేదు. ఆ ఏడాది పైచిలుకు ఇళ్లల్లో ఎంత టెన్షన్ పడుంటారో! నేనైతే వద్దనే అంటాను.

ఇక వైజాగ్. ప్రపంచ బ్యాంకు 2021 అంచనా ప్రకారం వాతావరణ మార్పుల వల్ల 2050 నాటికి 21 కోట్ల 60 లక్షల మంది దాకా సొంత దేశంలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలాల్సి రావచ్చట. అంటే మావాడిలాంటి వాళ్లే అన్నమాట. ఇక్కడ హార్బర్‌లో పని దొరుకుతుంది, చదువులకీ ఆసుపత్రికీ దగ్గర. అలాగని సముద్రాన్ని తప్పించుకున్నట్టు కాదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే విరుచుకుపడింది, రోజుల తరబడి కరెంటు లేక మేం మంచినీళ్ల బిందెలు మెట్ల మీద మోసుకున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకి నిషేధం, ఆ రెండు నెలలూ ఇంటి అద్దె మాత్రం ఆగదు.

మూడింట్లో వైజాగే నయం, కానీ వాడనుకున్నట్టు కాదు. తోట అమ్మొద్దన్నాను. ఒక్కడివే రా, ఓ ఏడాది చెయ్యి, కుదిరితే బడులు తెరిచే టైముకి పిల్లల్ని తెచ్చుకో, కుదరకపోతే తిరిగెళ్లడానికి ఇల్లూ మొక్కలూ ఉంటాయి అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, హార్బర్‌కి దగ్గర్లో ఒక్కడికి సరిపోయే గది ఎంతకొస్తుందో కనుక్కోమన్నాడు.