వరదలో పాడైన తలుపులకి పాత టేకు: ఆటోనగర్ వైపు షాపు గురించి

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా కింది పోర్షన్‌లోకి నడుము పైదాకా నీళ్లొచ్చాయి. వారం దాటినా పూర్తిగా తియ్యలేదు. ఆ తర్వాత మా ఇంటి తలుపులన్నీ ఒకే షాపు వాళ్ల చేతుల మీదుగా మళ్లీ నిలబడ్డాయి. మొన్నటి వానాకాలం కూడా గడిచింది కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాస్తున్నాను.

షాపు ఆటోనగర్ వైపు. బోర్డు లేదు. పడగొట్టిన పాత ఇళ్ల తలుపులు, కిటికీలు, దూలాలు కొని అమ్ముతారు. యజమానిని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన దగ్గరున్న వడ్రంగి మేస్త్రి ఇంటికొచ్చి బిగిస్తాడు.

వీళ్ల మీద నాకు గురి కుదిరింది మొదటిరోజే. మా టేకు సింహద్వారం ఉబ్బి గుమ్మంలో పట్టడం లేదు, చిత్రిక పట్టమని అడిగాను. మేస్త్రి ఒప్పుకోలేదు. "ఇప్పుడు చెక్కితే వేసవికి వేలు దూరేంత సందు పడుద్దమ్మా, ఆరనివ్వండి" అన్నాడు. తలుపు ఊడదీసి, సందుల్లో ఇరుక్కున్న బురద కడిగి, నీడలో ఇటుకల మీద పడుకోబెట్టించాడు. ఎండలో పెడితే పగుళ్లిస్తుందట. అది ఆరేదాకా రాత్రిళ్లు భయం లేకుండా, రెండు సరుగుడు కర్రలకి ప్లైవుడ్ షీటు కొట్టి, లోపలినుంచి అడ్డగడియ పెట్టుకునేలా అమర్చి వెళ్లాడు. ఆ పనికి షీటు ఖరీదు తప్ప కూలి తీసుకోలేదు. ఆడపిల్లలున్న ఇల్లు కదా, ఆ రాత్రుళ్లు అది నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఆరాక ఆ తలుపు దాదాపు పాత కొలతకే వచ్చేసింది. ఇనప బందులు తుప్పుపట్టి పనికిరాకుండా పోతే స్టీలువి వేశాడు. ఫ్రేములో పాత మరలు పట్టు వదిలేశాయి. ఆ చిల్లుల్లోకి టేకు చీలికలు ఫెవికాల్‌తో దిగ్గొట్టి, మర్నాడు వాటిలోకే కొత్త మరలు ఎక్కించాడు. ఇప్పటికీ కదల్లేదు.

గదుల ఫ్లష్ తలుపుల విషయం వేరు. వాటిల్లో ముక్కలు పేర్చి పైన పల్చటి ప్లై అతికిస్తారు. ఆ జిగురు రోజుల తరబడి నానితే వదిలేస్తుంది, ఎండినా మళ్లీ అతుక్కోదు. మా వంటింటి తలుపు అప్పడంలా పొరలు లేచింది. ప్రభుత్వం కింది ఇళ్లకి ఇచ్చిన 25 వేలలో స్టవ్వు, పరుపులు, పుస్తకాలు అన్నీ చూసుకోవాలి. ఆ డబ్బుతో గదులన్నిటికీ కొత్త టేకు తలుపులు కుదరవు. బాబాయి పాత టేకు తలుపులు చూపించాడు. ఒక్కోటి నాలుగు వేల లోపు. ఎత్తు తక్కువైన చోట మేస్త్రి అడుగున టేకు పట్టీ కలిపి లోపల చీలలు వేశాడు. బాత్రూముకి మాత్రం టేకు వద్దని తనే చెప్పి, పీవీసీ తలుపు బయట కొనుక్కోమన్నాడు. తన సరుకు కాకపోయినా ఆ మాట చెప్పడం నాకు నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. బిల్లు ఇవ్వరు. ట్రాలీ ఆటో ఖర్చు మనదే. రంగులు ఒకదానికొకటి కలవవు, పాలిష్ మనమే చేయించుకోవాలి. మేస్త్రి ఒక్కడే కాబట్టి చెప్పిన రోజుకి రాడు. ఒక తలుపు వెనకవైపు చెద తిన్న చోటు కనపడింది. మాట్లాడకుండా వెనక్కి తీసుకుని వేరేది ఇచ్చారు. అయినా కొనేముందు వెనక్కి తిప్పి, అడుగుభాగం వేళ్లతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే వదిలెయ్యండి.

వెళ్లేటప్పుడు గుమ్మం లోపలి కొలత పైన, మధ్యన, కింద మూడు చోట్లా రాసుకెళ్లండి. నీళ్లలో నిలిచిన ఫ్రేము ఎటో ఒకవైపు ఒరుగుతుంది. మాది కింద పావంగుళం దగ్గరికొచ్చింది. ఆ కాగితం ఉంటే బాబాయి అక్కడే మీకు సరిపడే తలుపు ఏరి ఇస్తాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది.