కేథరిన్ మీద తీర్పులెన్నో: హెమింగ్వే ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’

మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఇటలీ నేపథ్యంగా ఎర్నెస్ట్ హెమింగ్వే రాసిన ఈ నవలపై పేచీలు 1929లోనే మొదలయ్యాయి. పత్రికలో ధారావాహికగా వస్తుండగానే అశ్లీలమంటూ బోస్టన్‌లో ఆ సంచిక అమ్మకాన్ని ఆపించారు. కపొరెట్టో వద్ద ఇటలీ సైన్యం చవిచూసిన పరాజయాన్ని నిర్మొహమాటంగా చూపినందుకు ముస్సోలినీ ప్రభుత్వం పుస్తకాన్నే నిషేధించింది. ఆ అభ్యంతరాలు నేడు ఎవరికీ పట్టవు. ఇప్పటి తగవంతా కథానాయిక కేథరిన్ బార్క్‌లీ గురించే.

నీకేది ఇష్టమైతే నాకూ అదే ఇష్టమంటూ, ఇటలీ సైన్యంలో అంబులెన్సు అధికారిగా పనిచేసే అమెరికన్ కథానాయకుడు ఫ్రెడరిక్ హెన్రీ చుట్టూ తిరిగే ఆమె పురుషుడి పగటికలే తప్ప మనిషి కాదని 1970ల నుంచి స్త్రీవాద విమర్శకులు అంటున్నారు. ఎందరో మామూలు పాఠకులదీ అదే విసుగు. నాకు ఈ వాదం సగమే సబబుగా తోస్తుంది. పెళ్లాడవలసినవాణ్ని సొమ్ యుద్ధంలో పోగొట్టుకున్న ఈ నర్సు, పరిచయమైన కొద్దిరోజులకే, చనిపోయినవాడు తానే అయినట్టు, రాత్రివేళ కేథరిన్ దగ్గరికి తిరిగి వచ్చానని హెన్రీ చేత అనిపించుకుంటుంది. కాసేపటికే, మనం ఆడుతున్నది పాడు ఆట కదా, ప్రేమిస్తున్నట్టు నటించనక్కరలేదని తానే తేల్చేస్తుంది. ఈ వ్యవహారాన్ని మనసులో పేకాటతో పోల్చుకుంటున్న హెన్రీ మాత్రం, ఏ ఆట అని అమాయకంగా అడుగుతాడు. ఇద్దరిలో తెలివిడి ఎవరిదో ఇక చెప్పాలా? అయితే ఇద్దరూ పారిపోయి స్విట్జర్లాండు చేరాక ఆ పదునంతా ఏమైపోయిందో గాని, అంతా బాగుంది, ఎంతో బాగుందని పేజీలకు పేజీలు సాగే వారి ముచ్చట్లు మాత్రం నన్నూ విసిగించాయి.

ప్రేమకథ నచ్చనివారు సైతం మూడో భాగాన్ని, అంటే కపొరెట్టో నుంచి సైన్యం వెనుదిరిగే ఘట్టాన్ని, కాదనలేరు. బురదలో దిగబడిన వాహనాన్ని తీయడానికి సాయపడకుండా వెళ్లిపోతున్న సార్జెంట్ల మీద హెన్రీ కాల్పులు జరుపుతాడు, వారిలో ఒకడు ప్రాణాలు కోల్పోతాడు. ఆ తర్వాత కొద్దికాలానికే, టాలియమెంతో నది ఒడ్డున అధికారులను నిలదీసి కాల్చేస్తున్న సైనిక పోలీసుల బారి నుంచి నీటిలోకి దూకి, అదే హెన్రీ సైన్యాన్ని విడిచి పారిపోతాడు. ఈ రెండింటి నడుమ రచయిత ఒక్క వ్యాఖ్యయినా చేయడు. ఇది నీతిలేనితనమని కొందరు, నిజాయితీ అని మరికొందరు అంటారు. నేను రెండోవారి పక్షమే. 1918లో మాత్రమే ఇటలీకి వచ్చిన హెమింగ్వే, అంతకు ముందు సంవత్సరం జరిగిన ఈ తిరోగమనాన్ని కళ్లారా చూడనేలేదంటే నమ్మబుద్ధి కాదు.

ఆ పొడి వచనం కూడా అందరికీ రుచించదు. కందకంలో చల్లారిన మెకరోనీ, చీజ్ తింటుండగా మోర్టారు గుండు పడే సన్నివేశంలో, తిండికీ చావుకీ మధ్య గొంతు మారకపోవడం కొందరికి రాతిగుండెలా కనిపిస్తుంది. ఆ ఘోరాన్ని విశేషణాలతో అలంకరించి ఉంటే నేనైతే పుస్తకం మూసేసేదాన్ని.

కేథరిన్ ప్రసవంలో మరణించే ముగింపు కావాలని గుండెలు పిండడమేనన్న ఫిర్యాదు పాతదే. అలా అనేవారు 2012లో వెలువడిన ప్రత్యేక ముద్రణను తెప్పించుకోవడం మంచిది. హెమింగ్వే రాసి పక్కన పెట్టిన 47 ముగింపులు అందులో ఉన్నాయి. ఎంచుకున్నదాన్ని వాటి పక్కన పెట్టి చదివితే, ఆయన పిండినదానికన్నా తుడిచేసినదే ఎక్కువని తెలుస్తుంది.